విశాఖకు సూటిగా దక్షిణాన మునిగిన కొండ: అఫనాసీ నికితిన్ సర్వే ప్రణాళికకి సలహాలు కావాలి

సముద్రిక:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ప్రాజెక్టుకి కాగితం మీద ఒక సర్వే ప్రణాళిక రాయాలి. ఓడ ఎక్కేది లేదు, కానీ లెక్కలు మాత్రం రేపే బయల్దేరేలా ఉండాలట. నేను ఎంచుకున్నది అఫనాసీ నికితిన్ సీమౌంట్, అంటే సముద్రంలో మునిగి ఉన్న అగ్నిపర్వతపు కొండ. 3 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం. విశాఖ 83.3 మీద ఉంది కాబట్టి ఇంచుమించు మన రేఖాంశమే. దూరం సుమారు 1240 నాటికల్ మైళ్లు, 10 నాట్లతో 5 రోజుల 4 గంటలు.

మొత్తం ట్రిప్పు 24 రోజులు అనుకున్నాను. రానుపోను తీసేస్తే 13 రోజులు పైచిలుకు మిగులుతాయి. చుట్టూ సముద్రం అడుగు 4800 మీ. లోతు, శిఖరం 1600 మీటర్లకి కాస్త తక్కువ లోతులో ఉంది. 80 × 60 కి.మీ. పెట్టె గీసి, పొడుగు దిశలో 4.4 కి.మీ. ఎడంతో 14 మల్టీబీమ్ (ఓడ కింద విసనకర్రలా ధ్వని పంపి లోతు కొలిచే సోనార్) లైన్లు వేశాను. తర్వాత గ్రావిటీ, మాగ్నెటిక్స్, 8 చోట్ల డ్రెడ్జింగ్, అంటే పళ్లున్న ఇనుప బుట్ట లాగి రాళ్లు తీయడం. లైన్ల ఎడం సరిపోతుందా? డ్రెడ్జ్ చోట్లు ఎలా ఎంచాలి? రాయి వయసు తేల్చడానికి ఎంత రాయి కావాలి?

బీమ్‌వెడల్పు:
4.4 శిఖరానికి సరిపోతుంది, అంచులకి దండగ. లెక్క చూడమ్మా. 1600 మీ. లోతులో రెండు వైపులా 60 డిగ్రీలు తెరిస్తే స్వాత్ (ఒక్క లైనులో కొలిచే పట్టీ వెడల్పు) 5.5 కి.మీ., 20 శాతం అతివ్యాప్తి తీస్తే నువ్వన్న 4.4. కానీ 4500 మీ. దగ్గర అదే కోణానికి 15 కి.మీ. పైన వస్తుంది. అంత లోతులో చివరి బీముల్లో రొద ఎక్కువ కాబట్టి 55 డిగ్రీలకే నమ్ము. అప్పుడు 12.9 కి.మీ., అతివ్యాప్తి పోను 10 కి.మీ. ఎడం పెట్టొచ్చు.

నీ 14 లైన్లు 1120 కి.మీ., అంటే 605 నాటికల్ మైళ్లు, 8 నాట్లతో 76 గంటలు. శిఖరం ఉన్న 20 కి.మీ. పట్టీలో 5 దగ్గరి లైన్లు, మిగతా 40 కి.మీ.కి 4 దూరపు లైన్లు వేస్తే 9 లైన్లు, 49 గంటలు. ఒక రోజు పైనే మిగిలింది. ఒక్కో మలుపుకి అరగంట కలుపుకో.

8 దాటి వేగం పెంచకు. 4500 మీ. లోతులో 60 డిగ్రీల బీము ఏటవాలు దూరం 9000 మీ., రానుపోను 12 సెకన్లు. ఈలోపు 8 నాట్ల ఓడ 49 మీ. ముందుకెళ్తుంది. 1 డిగ్రీ బీము నట్టనడుమ నేల మీద వేసే మచ్చ 78 మీ. కాబట్టి ఖాళీ రాదు. చివరి బీములో మచ్చ అడ్డంగా 300 మీ. దాటుతుంది. అక్కడ 200 మీ. వెడల్పు చిన్న శంకువు ఉన్నా నీ పటంలో కనబడదు.

ఇంకో మాట. వాలుకి అడ్డంగా ఎక్కుతూ దిగుతూ లైన్లు వేయకు, సమోన్నత రేఖల వెంట వెయ్యి. అడ్డంగా వెళ్తే స్వాత్ వెడల్పు నిమిషానికోలా మారుతుంది, పైన సన్నబడిన చోట ఖాళీలు పడతాయి.

జాలారిపేట:
ఏటి బాబూ, గూగుల్ పటంలో ఆ కొండ సుబ్బరంగా కనిపిస్తంటే మళ్లీ ఇన్ని లైన్లెందుకు?

గురుత్వం85:
అక్కడ కనబడేదంతా కొలిచింది కాదండీ. సముద్రం అడుగున పెద్ద కొండ ఉంటే దాని ఆకర్షణకి నీరు పోగై పైమట్టం మీటరు, రెండు మీటర్లు ఉబ్బుతుంది. ఉపగ్రహం ఆ ఉబ్బుని రాడార్‌తో కొలుస్తుంది, దాన్నుంచి లోతు అంచనా వేస్తారు. స్మిత్, శాండ్‌వెల్ 1997లో ప్రపంచమంతటికీ ఇలా పటం వేశారు. చిక్కేమిటంటే 4 కి.మీ. నీటి పైనుంచి చూస్తే 12–15 కి.మీ. కన్నా చిన్న ఆకారాలు అలుక్కుపోతాయి. శిఖరం లోతు వందల మీటర్లు తప్పు రావచ్చు. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహంతో ఇంకాస్త చిన్నవీ బయటపడుతున్నాయి, అయినా అది ఆచూకీయే, కొలత కాదు.

2005 జనవరి 8న గువామ్‌కి దక్షిణాన అమెరికా జలాంతర్గామి శాన్‌ఫ్రాన్సిస్కో నీటిలో నిండు వేగంతో వెళ్తూ, వాళ్ల దగ్గరున్న పటంలో లేని కొండని ఢీకొంది, ఒక నావికుడు చనిపోయాడు. 2021 అక్టోబరులో దక్షిణ చైనా సముద్రంలో కనెక్టికట్ జలాంతర్గామి కూడా ఇలాగే పటంలో లేని కొండని ఢీకొంది. విశాఖలో ఉండేవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

సముద్రికా, ముందు చెయ్యాల్సింది ఇది. గెబ్‌కో (ప్రపంచ సముద్రాల లోతుల పటం) గ్రిడ్ దించుకున్నప్పుడు దానితోపాటు టీఐడీ గ్రిడ్ కూడా దించుకో. ఒక్కో గడిలో లోతు ఎక్కణ్నుంచి వచ్చిందో అందులో సంఖ్య రూపంలో ఉంటుంది. 11 అంటే మల్టీబీమ్, 10 అంటే సింగిల్ బీమ్, 40 అంటే ఉపగ్రహ గురుత్వం నుంచి అంచనా. నీ పెట్టెలో 40 ఉన్న గడులకి ఎర్రరంగు వెయ్యి. నీ ఓడ వెళ్లాల్సింది అక్కడికి. ఇదివరకే 11 ఉన్న చోట మళ్లీ లైను వేస్తే పరీక్షించేవాళ్లు అడుగుతారు. గడి సైజు 15 ఆర్క్ సెకన్లు, దాదాపు 460 మీ. అని కూడా రాయి.

కోస్టల్ బ్యాటరీ:
లెక్కల కంటే ముందు అనుమతుల సంగతి చూడండి. 83.3 రేఖాంశం వెంట తిన్నగా దిగితే శ్రీలంక తూర్పు ఒడ్డుకి 200 నాటికల్ మైళ్ల లోపల నుంచే పోతారు. ఓడ వెళ్లడానికి ఆక్షేపణ లేదు. కానీ ఆ నీళ్లలో మల్టీబీమ్ ఆన్ చేసి డేటా రాసుకుంటే అది శాస్త్ర పరిశోధన కిందికి వస్తుంది, సముద్ర చట్టం 246వ అధికరణం ప్రకారం తీర దేశం అనుమతి కావాలి. కాబట్టి ‘దారిలో ఖాళీగా ఉండకుండా డేటా తీద్దాం’ అని రాయకండి. లేదా తూర్పుకి జరిగి, 85.5 దాటి దిగండి, కొన్ని గంటలు ఎక్కువవుతుంది.

ఇక కొండ దగ్గర 200 మైళ్ల గొడవ లేదు. కానీ మన దేశం 2024 జనవరిలో ఇక్కడి రాళ్ల మీద పేరుకున్న కోబాల్ట్ పొరల అన్వేషణకి అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థకి దరఖాస్తు పెట్టుకుంది. శ్రీలంక 2009లో దాఖలు చేసిన విస్తరించిన ఖండతీరపు అంచు హక్కు కోరికలో ఈ ప్రాంతమూ ఉంది. బంగాళాఖాతానికి మాత్రమే వర్తించే ఒండ్రు మందం సూత్రం మీద ఆధారపడింది అది. ఒక పేరా రాసి వదిలెయ్యండి, ఇక్కడ దాని మీద వాదన మొదలైతే డ్రెడ్జింగ్ దాకా రాం.

బీమ్‌వెడల్పు:
ధ్వని వేగం సంగతి మర్చిపోయాను, సర్వేలు ఎక్కువగా చెడేది అక్కడే. ఉష్ణోగ్రత 1 డిగ్రీ మారితే వేగం దాదాపు 3 మీ./సె. మారుతుంది, లవణీయత 1 యూనిట్‌కి 1 పైచిలుకు, 100 మీ. లోతుకి 1.6 లేదా 1.7. బంగాళాఖాతం ఉత్తర భాగంలో నదుల మంచినీరు పైన పలుచగా పరుచుకుంటుంది, దక్షిణానికి పోయేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. విశాఖ దగ్గర తీసిన ప్రొఫైల్ భూమధ్యరేఖ దగ్గర పనికిరాదు.

ఓడ అడుగున ట్రాన్స్‌డ్యూసర్ ముఖం దగ్గర కొలిచే వేగం 5 మీ./సె. తప్పితే 60 డిగ్రీల బీము 0.33 డిగ్రీ పక్కకి తిరుగుతుంది. 4500 మీ. దగ్గర అది అంచులో 45 మీటర్ల దాకా తప్పు. పటంలో ఎలా తెలుస్తుందంటే, చదునైన నేల స్వాత్‌కి అడ్డంగా రెండంచులూ పైకో కిందికో వంగి కనిపిస్తుంది. అన్ని లైన్లలోనూ ఒకేలా వంగితే అది కొండ కాదు, నీరు.

కొండ దగ్గరికి చేరగానే ఒకసారి అడుగుదాకా సీటీడీ (లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) దించాలి. సెకనుకి 1 మీ. చొప్పున 4500 మీ. అంటే దిగడానికి 75 నిమిషాలు, ఎక్కడానికి 75. ఆ తర్వాత 4 నుంచి 6 గంటలకోసారి ఎక్స్‌బీటీ (కదిలే ఓడ నుంచి సన్నతీగతో జారవిడిచే, తిరిగి తీయని పరికరం) చాలు. అది ఉష్ణోగ్రతే ఇస్తుంది, లవణీయత సీటీడీ నుంచి తీసుకుని కలపాలి.

సముద్రిక:
సార్, ప్యాచ్ టెస్ట్ (సోనార్ బిగింపు కోణాల తప్పు పట్టే పరీక్ష) కొండ మీదే చెయ్యాలా, హార్బర్ బయటే చెయ్యొచ్చా?

బీమ్‌వెడల్పు:
విశాఖ బయట షెల్ఫ్ మీద లోతు సరిపోదు, లోతు నీటి మల్టీబీమ్‌కి కోణాల తప్పు అక్కడ పైకి తేలదు. కొండ పక్కన 4800 మీ. మైదానం ఉంది, అక్కడే రోల్ (పక్కలకి ఒరిగే కోణం) చూడు. ఒకే లైను అటూ ఇటూ నడిపి, అడ్డకోతలు ఒకదాని మీద ఒకటి పెడితే కత్తెరలా విడిపోతాయి. రోల్ 0.1 డిగ్రీ తప్పితే 4500 మీ. లోతులో 60 డిగ్రీల బీములో 13–14 మీ. తేడా. పిచ్‌కి (ముందువెనకల వంపు) వాలు మీద ఒకే లైను, ఒకే వేగం, రెండు దిశలు. హెడింగ్‌కి (ముఖం తిరిగిన దిశ) చిన్న దిబ్బకి రెండు పక్కలా రెండు సమాంతర లైన్లు, ఒకే దిశలో. స్థానం, లోతు కొలతల మధ్య కాలం తేడాని అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాలి, లేకపోతే అది పిచ్‌లో కలిసిపోయి కూర్చుంటుంది.

అలల్లో ముక్కు ఎత్తి కొట్టినప్పుడు ఓడ కిందికి గాలి బుడగలు జారి పింగులు వరసగా పోతాయి. సాఫ్ట్‌వేర్‌లో బాగయ్యేది కాదది. వేగం తగ్గించడమో, దిశ మార్చడమో తప్ప మార్గం లేదు.

జాలారిపేట:
మన ఒడ్డుకి దగ్గర్లో ఇలాటి కొండలు లేవా? డాల్ఫిన్స్ నోస్ రాయీ ఆ కొండ రాయీ ఒకటేనా?

చార్నొకైట్:
రెండూ మంచి ప్రశ్నలే. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, సింహాచలం కొండలు ఖోండలైట్లూ వాటి చుట్టాలూ. భూఖండం లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెంది తర్వాత పైకి వచ్చినవి. సీమౌంట్ అగ్నిపర్వతం, రాయి బసాల్ట్. నీటిలోకి కారిన లావా దిండ్ల ఆకారంలో గడ్డకడుతుంది, పైన గాజు పెంకు, లోపలికి పోయేకొద్దీ స్ఫటికాలు.

అలాగని సంబంధం అసలే లేదనలేం. అఫనాసీ నికితిన్ లావాలు కొన్నిటిలో 206Pb/204Pb (సీసం రెండు ఐసోటోపుల) నిష్పత్తి సముద్ర అగ్నిపర్వతాల్లోకెల్లా బాగా తక్కువ. ఖండపు అడుగుపొర ముక్కలు ఆ మాంటిల్‌లో కలిశాయని దానికి వివరణ. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు అలాటి ముక్కలు కింద మిగిలి ఉంటాయన్నది నాకు సబబుగానే తోస్తుంది. సముద్రికా, ఆ డ్రెడ్జ్ రాళ్లకి వయసు ఒక్కటే కాదు, సీసం ఐసోటోపులు కూడా రాయి ప్రణాళికలో.

ఒడ్డుకి దగ్గర సంగతి గురుత్వం గారు చెప్పాలి, ఆయన పేరులోనే ఉంది.

గురుత్వం85:
విశాఖ ఎదురుగా షెల్ఫ్ అంచులో ఉన్నవి కొండలు కాదు, లోయలు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వచ్చి పనిచేసిన రోజుల్లో ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు వాటికి.

కొండల వరస మనకి తూర్పున 180 కి.మీ. దూరంలో ఉంది, 85 డిగ్రీల తూర్పు రిడ్జ్. మహానది ఎదురు నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు కింద పూర్తిగా పూడిపోయింది కాబట్టి మల్టీబీమ్‌కి చదును నేలే కనిపిస్తుంది, అడుగు కింది పొరల్లోకి ధ్వని పంపే సీస్మిక్‌లోనే దొరుకుతుంది. దాని దక్షిణపు కొసే అఫనాసీ నికితిన్ అని ఎక్కువమంది అంటారు. దీన్ని క్రోజే హాట్‌స్పాట్‌కి (మాంటిల్ నుంచి వేడి పైకి ఎగదన్నే చోటు) కట్టినవాళ్లు ఉన్నారు, ఆ ముడి ఇంకా గట్టిపడలేదు.

చిత్రమేమిటంటే ఉత్తరాన ఈ రిడ్జ్ మీద గురుత్వం తక్కువ, దక్షిణాన ఎక్కువ. కొండ బరువుకి పలక కిందికి వంగి తేలికపాటి పెంకు మాంటిల్‌లోకి దిగుతుంది, అది లోటు. కొండ ఒళ్లు 2.7 లేదా 2.8 సాంద్రత, చుట్టూ నీరు 1.03, అది మిగులు. బయట నిలబడ్డ కొండ మీద మిగులు గెలుస్తుంది. ఉత్తరాన కొండ చుట్టూ నీటికి బదులు కిలోమీటర్ల మందాన బిగిసిన ఒండ్రు ఉంది, సాంద్రతలో తేడా సగానికి పైగా కరిగిపోయింది, కిందున్న లోటు బయటపడింది. అందుకే నీ గ్రావిటీ మోడల్‌లో కొండకి ఒకే సాంద్రత పెట్టకు. పైన హయలోక్లాస్టైట్ లాటి పొడి రాళ్లు 2.3 దాకా ఉండొచ్చు, లోపలి దుంగ 2.9 దాకా.

మాగ్నెటోమీటర్‌ని ఓడ పొడుగుకి మూడింతల దూరాన లాగాలి, లేకపోతే ఓడ ఇనుమే కొలుస్తావు. కొండ అయస్కాంత మధ్యరేఖకి దక్షిణాన పడుతుంది కాబట్టి అయస్కాంత క్షేత్రపు వాలు కోణం రుణాత్మకం. సంఖ్య ముందు గుర్తు తప్పు పెడితే ఉత్తర దక్షిణాలు తలకిందులవుతాయి. రోజువారీ మార్పు తీసెయ్యడానికి విశాఖ వేధశాల రికార్డు చాలదు, అంత దూరానికి అది వర్తించదు. అడ్డ లైన్లు రెండు మూడు వేసి కూడళ్లలో తేడాలు సర్దాలి.

వించ్‌గట్టు:
డ్రెడ్జింగ్ సంగతికి వద్దాం. 8 చోట్లు రాశావు, ఒక్కోదానికి 2500 మీ. దగ్గర 5 గంటలు పెట్టుకో. 40 గంటలు డ్రెడ్జ్‌కే.

చోటు ఎంచేది మల్టీబీమ్ బ్యాక్‌స్కాటర్ చూసి. ప్రతిధ్వని గట్టిగా వచ్చిన చోట రాయి, బలహీనంగా వచ్చిన చోట బురద. దాని మీద వాలు పటం పెట్టి 20 డిగ్రీలు దాటిన చోట్లు ఏరు. చదునైన శిఖరం వద్దు, అక్కడ సూక్ష్మజీవుల పెంకుల సున్నపు బురదే వస్తుంది. లాగేది ఎప్పుడూ కింది నుంచి పైకి, 500 నుంచి 1000 మీ. దూరం, అరనాటు వేగం. గాలికీ ప్రవాహానికీ ఎదురుగా లాగితే ఓడ చేతిలో ఉంటుంది. వాలు దిశ, గాలి దిశ కుదరకపోతే ఆ చోటు వదిలేసి వేరేది చూసుకోవడమే నయం.

14 మి.మీ. ఉక్కు తాడు నీటిలో మీటరుకి దాదాపు 0.65 కిలో. 2500 మీ.కి 1.6 టన్నులు తాడు బరువే. టెన్షన్ మీటర్ మీద ఇది ముందే రాసి పెట్టుకోవాలి, దానిపైన ఎగిరే కుదుపులే రాయి పళ్లకి తగిలిన గుర్తు. డ్రెడ్జ్‌కి 100 నుంచి 200 మీ. పైన పింగర్ కట్టు, అడుగు ఎంత దూరమో అది చెబుతుంది. అడుగు తగిలాక తాడు ధారాళంగా వదిలితే నేల మీద చుట్టలు పడి, లాగగానే ముడి బిగిసి అక్కడే తెగుతుంది. లోతు మీద 10 నుంచి 20 శాతం కన్నా ఎక్కువ వదలొద్దు. స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే కీలు) లేకుండా అసలు దించొద్దు.

బలహీన లంకె తప్పనిసరి. తాడు తెగే బరువుకి బాగా తక్కువలో అది తెగాలి. తెగినా డ్రెడ్జ్ పోకుండా రెండో గొలుసు ఒక పక్కకి కట్టి ఉంటుంది, మూతి తిరిగి రాతి పట్టు వదులుతుంది. ఇరుక్కుంటే ముందుకి బలంగా లాగకు. వించ్ బిగించి ఉంచి ఓడని మెల్లగా వెనక్కి, డ్రెడ్జ్ నెత్తి మీదికి తెచ్చి, పైకి, లేదంటే ఎదురు దిశలో లాగాలి. ఆ సమయంలో వెనక డెక్ మీద మనిషి అన్నవాడు ఉండకూడదు. బిగిసిన తాడు తెగితే కొరడాలా వస్తుంది.

చార్నొకైట్:
పైకి వచ్చిన రాళ్లన్నీ ఆ వాలువే అనుకోవద్దు. పైనుంచి దొర్లినవి ఉంటాయి. ఒక ముఖం మాత్రం కొత్తగా విరిగి, మిగతా అంతా నల్ల మాంగనీసు పూతతో ఉంటే గట్టునుంచి ఊడి వచ్చిందని నమ్మొచ్చు. ఆవిరి ఓడల కాలంలో పారబోసిన బొగ్గు క్లింకర్ కూడా వస్తుంది, నల్లగా బుడగలు బుడగలుగా, అచ్చం లావా లాగే. చేతిలో తేలికగా ఉంటే అనుమానించు.

నమూనాల్లో గుండ్రటి గులకలు, పగడపు సున్నపురాయి దొరికితే కొండ ఒకప్పుడు అలల మట్టంలో ఉందన్నమాట. 90 డిగ్రీల తూర్పు రిడ్జ్ మీద 214వ డ్రిల్లింగ్ చోట ఏకంగా లిగ్నైట్ దొరికింది. ఇవాళ 1600 మీటర్లకి పైగా నీరున్న చోట ఒకప్పుడు చెట్లుండేవి. సముద్రపు పలక చల్లారుతూ కుంగుతుంది, లోతు సుమారుగా 2500 + 350 × √వయసు, వయసు మిలియన్ ఏళ్లలో. 2.5 కోట్ల ఏళ్లకి 4250 మీ. వస్తుంది. 7 కోట్ల ఏళ్లు దాటితే ఈ సూత్రం ఎక్కువ చూపిస్తుంది, నీ కొండకి నేరుగా వాడకు.

వయసుకి ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతి. పిడికెడు రాయి చాలు గానీ తాజా రాయి కావాలి, అదే దొరకదు. ఉప్పునీరు పొటాషియం ఎక్కించి, ఆర్గాన్ పోగొట్టి వయసు తగ్గించి చూపిస్తుంది. గాజు పెంకు పసుపు గోధుమ రంగుకి తిరిగి ఉంటే అది పాలగొనైట్, పక్కన పెట్టు. రంపంతో పైపొర రెండు మూడు సెం.మీ. కోసి పారెయ్యాలి. సన్నకోత సూక్ష్మదర్శినిలో చూసి, బుడగల్లో జియోలైట్ నిండిన ముక్కలు ఏరెయ్యాలి. 180 నుంచి 250 మైక్రాన్లకి నూరి, పలుచని హైడ్రోక్లోరిక్, తర్వాత నైట్రిక్ ఆమ్లంలో కడిగి, అప్పుడు రియాక్టర్‌కి పంపాలి. మెట్లు మెట్లుగా వేడి చేసినప్పుడు సగానికి పైగా వాయువు ఒకే వయసు చూపితేనే ఆ అంకె రాయి. ప్లేజియోక్లేజ్ స్ఫటికాలు పెద్దవి దొరికితే గ్రౌండ్‌మాస్ (పెద్ద స్ఫటికాల మధ్య సన్నరేణువుల రాయి) జోలికి పోకుండా వాటికే వెళ్లు.

సముద్రిక:
కోబాల్ట్ పొర మందం కూడా డ్రెడ్జ్ రాళ్ల మీదే కొలుస్తానని రాశాను మేడమ్. తప్పా?

చార్నొకైట్:
కూర్పుకి పనికొస్తుంది, మందానికి కాదు. పలుచగా ఉన్న చోటా, అంచుల్లోనూ ఊడి వస్తుంది, 10 సెం.మీ. గట్టి పొరని డ్రెడ్జ్ పళ్లు ఒలవలేవు. ఆ పొర మిలియన్ ఏళ్లకి 1 నుంచి 5 మి.మీ. పెరుగుతుంది. 2.5 చొప్పున చూస్తే 10 సెం.మీ. అంటే 4 కోట్ల ఏళ్ల పోగు. సాధారణంగా 800 నుంచి 2500 మీ. లోతులో మందం ఎక్కువ, కాబట్టి నీ 8 చోట్లలో 5 ఆ పట్టీలో పెట్టు, లోతులు మార్చి మార్చి. మందానికి ఆర్‌ఓవీతో (ఓడ నుంచి కేబుల్‌తో నడిపే, మనిషి లేని వాహనం) చిన్న కోర్లు తియ్యాలి.

కోస్టల్ బ్యాటరీ:
జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి ఆర్‌ఓవీ రోసబ్ 6000 మీ. తరగతిది, 1600కి దిగడం దానికి కష్టం కాదు. మనుషులు కూర్చుని దిగే మత్స్య 6000 మీద ఆశ పెట్టి రాయకండి. ముగ్గురు పట్టే 2.1 మీటర్ల టైటానియం గోళం అది, మామూలుగా 12 గంటలు ఉంటుంది. రాయి ఎక్కడ తియ్యాలో తెలిశాక దిగే వాహనం అది, వెతకడానికి కాదు.

అన్వేషణ ఒప్పందంలో కోబాల్ట్ పొరలకి 150 బ్లాకులు, ఒక్కోటి 20 చ.కి.మీ. మించకూడదు, మొత్తం 3000. నీ పెట్టె 4800 చ.కి.మీ. ఉంది, అందులో ఏ గడులు ఏరతావో చూపిస్తే ప్రాజెక్టుకి పనికొస్తుంది. పగడాలు, స్పాంజిలు ఒత్తుగా ఉన్న గట్లు వదిలెయ్యి, పొర మందంగా ఉన్నా సరే.

సముద్రిక:
అందరికీ ధన్యవాదాలు. మార్చిన లెక్క: మల్టీబీమ్ 49 గంటలు, మలుపులు 4, ప్యాచ్ టెస్ట్ 10, సీటీడీ రెండుసార్లు 5, డ్రెడ్జ్ 40, ఆర్‌ఓవీ రెండు దిగుళ్లు 24, అడ్డ లైన్లు 12. మొత్తం 144 గంటలు, 6 రోజులు. 13 రోజుల్లో సగం మిగిలిపోతోంది, ఇంకో 8 డ్రెడ్జ్‌లు కలపనా? ఎక్స్‌బీటీలకి టీ-5 రాశాను, 1830 మీ. దాకా దిగుతుంది కదా అని.

వించ్‌గట్టు:
కలుపు, కానీ 4 చాలు. డ్రెడ్జ్‌ల్లో ఒకటో రెండో ఖాళీగా వస్తాయి, వాటిని మళ్లీ వెయ్యాలి. వాతావరణానికి రెండు రోజులు తీసి పక్కన పెట్టు. నెలలు జనవరి నుంచి ఏప్రిల్ లోపు రాయి. అక్టోబరు, డిసెంబరు మధ్య పెడితే కొండ దగ్గర ప్రశాంతంగా ఉన్నా విశాఖకి తిరిగొచ్చే దారిలో తుపాను అడ్డం పడొచ్చు.

బీమ్‌వెడల్పు:
టీ-5 ఓడ 6 నాట్లు దాటితే పూర్తి లోతుకి పోదు, తీగ ముందే అయిపోయి తెగుతుంది. నీ లైన్లు 8 నాట్లవి. 6కి తగ్గించి వేస్తానని రాయి, లేదంటే టీ-7 తీసుకో. అది 760 మీ. దాకానే వెళ్తుంది గానీ 15 నాట్ల దాకా తట్టుకుంటుంది, ఆ కింద సీటీడీ ప్రొఫైల్ అతికించు. వేడి మార్పంతా ఎలాగూ పై 500 మీటర్లలోనే. వేగం తగ్గిస్తే లైనుకి ఎన్ని నిమిషాలు పెరుగుతాయో 49 గంటల్లో కలపడం మర్చిపోకు.